వెనక గది కనెక్ట్ అయింది

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి గిన్నెలు తోముకోవడానికి పోయే మనిషిని నేను. పదహారేళ్లుగా ఇంట్లోనే పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. కారణం లేకుండా ఏదీ జరగదని, కారణం దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని వాళ్లకు చెప్పేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఈ ఒక్క సంగతికి కారణం వెతికి వెతికి విసుగెత్తిపోయాను.

ఇది వైఫై గురించి. నవ్వుకున్నా ఫర్వాలేదు.

మేముండేది బోయిగూడలో, పాత ఇల్లు. వీధి వైపు హాలు, దాని తర్వాత మధ్య గది, వంటిల్లు, పైకప్పు లేని చిన్న వాకిలి. వాకిలి దాటితే వెనక గది. అన్నీ రాతి గోడలే. వెనక గదిలో మొబైల్ సిగ్నల్ కూడా రాదు. ఫోన్ మాట్లాడాలంటే వాకిట్లోకి రావాల్సిందే.

ఆ గదిలో విజయ వదిన ఉంటుంది. మా ఆయన రవీందర్‌కు అక్క. స్కూల్లో డ్రిల్ టీచరుగా చేసి రిటైరైంది, పెళ్లి చేసుకోలేదు, ఆరేళ్లుగా మాతోనే ఉంటోంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక రోజూ పొద్దున ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వీడియో కాల్‌లో వ్యాయామాలు చేయించేది. వదిన అప్పటికింకా వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసే స్థితిలో ఉంది. వాకిట్లో కూర్చుని కాళ్లు చాపి వ్యాయామం చేయలేదు. అందుకని వెనక గదికి వైఫై కావాల్సి వచ్చింది.

కనెక్షన్ ఇచ్చిన కంపెనీయే రూటర్ కూడా ఇచ్చింది. దాన్ని హాల్లో టీవీ పైన బిగించి పోయారు. సిగ్నల్ వంటింటి దాకా కుంటుకుంటూ వచ్చి అక్కడే ఆగిపోయేది. లోపలికి జరపమంటే, వైరు ఎంతవరకు వస్తే అంతవరకేనన్నారు. సెట్టింగ్స్ మార్చుకుందామని చూస్తే సగం పేజీలు తెరుచుకోవు, కంపెనీ తాళం వేసి పెట్టింది. కస్టమర్ కేర్‌కు నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. ఎవరూ రాకుండానే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఎన్ని నక్షత్రాలు ఇస్తారని కూడా అడిగారు.

చివరికి రాంగోపాల్‌పేట్‌లో ఒక దుకాణం నుంచి ఎక్స్‌టెండర్ తెచ్చాను. అరచేతిలో పట్టేంత డబ్బా. వంటింట్లో ప్లగ్గులో పెడితే రూటర్ సిగ్నల్ అందుకుని వెనక గదికి పంపుతుందన్నాడు దుకాణం ఆయన. కంపెనీ యాప్‌లో దానికి "వెనక గది" అని నేనే పేరు పెట్టాను.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఫ్రిజ్ ఆన్ అయితే పోతుంది. మిక్సీ వేస్తే పోతుంది. ఏమీ వేయకపోయినా పోతుంది. పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా యాప్ నా ఫోన్‌లో టింగుమంటుంది. వెనక గది డిస్‌కనెక్ట్ అయింది. వెనక గది కనెక్ట్ అయింది. క్లాసు మధ్యలో, పూజ మధ్యలో, ఎప్పుడు పడితే అప్పుడు. ఆ టింగుటింగును ఆపే దారి కూడా యాప్‌లో కనిపించలేదు.

ఆ రోజు మంగళవారం. రవీందర్ ఆఫీసుకు పోయాడు. వదిన వ్యాయామం మొదలై పది నిమిషాలు కాకముందే మూడుసార్లు ఆగింది. ఆ అమ్మాయి "హలో, వినిపిస్తుందా" అంటూనే ఉంది, వదిన కాలు గాల్లో పట్టుకుని చూస్తూనే ఉంది. నాకు తిక్క రేగింది. దుకాణం వాడు వాపసుకు ఇచ్చిన గడువు కూడా ఆ రోజుతో అయిపోతుంది. పోయి డబ్బాను ప్లగ్గు నుంచి పీకేశాను.

"ఉండనియ్యరాదు పద్మా, జెరంతన్న వస్తుంది కద" అంది వదిన.

"వద్దు వదినా, దీనితోని పరేషానే తప్ప ఏం లేదు. వాపస్ ఇచ్చి మంచిది తెస్త. గంటల వస్త, అప్పటిదాక మీరు లేవకున్రి."

"నేనేడికి పోత? నువ్వు నడు."

డబ్బా సంచిలో వేసుకుని, బయట గొళ్లెం పెట్టి బయలుదేరాను. అప్పుడు సమయం పది నలభై. యాప్‌లో అదే సమయానికి "వెనక గది డిస్‌కనెక్ట్ అయింది" అని ఉంది. ఇది గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఆ స్క్రీన్‌ను తర్వాత ఫొటో తీసి పెట్టుకున్నాను.

దుకాణం ఆయనకు యాభై ఏళ్లుంటాయి. డబ్బాను కౌంటర్ మీద బోర్లా పెట్టి, దాని కింద ఉన్న నంబర్ చూసి, వాపసు తీసుకోనన్నాడు. తప్పు డబ్బాది కాదట, కంపెనీ రూటర్‌దట. కంపెనీ వాళ్లను అడిగితే తప్పు డబ్బాదంటారు. ఇద్దరి మధ్యా నేను నలుగుతున్నాను. గొంతు పెంచి మాట్లాడుతుండగా నా ఫోన్ టింగుమంది.

వెనక గది కనెక్ట్ అయింది. పదకొండు ఇరవై.

"చూడున్రి, రోజంత గిదే లొల్లి" అని ఫోన్ ఆయన ముఖం ముందు పెట్టాను. నిజం చెప్పాలంటే నాకు అప్పటికి ఏమీ తట్టలేదు. సాక్ష్యం దొరికిందనే అనుకున్నాను.

ఆయన ఫోన్ చూశాడు. కౌంటర్ మీద డబ్బా చూశాడు. ప్లగ్గు పిన్నులు రెండూ పైకి చూస్తున్నాయి.

"ఇది ఈడనే ఉంది కదమ్మా" అన్నాడు.

యాప్ తెరిచాను. "వెనక గది" పక్కన పచ్చ చుక్క. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా అలా నిండుగా చూడలేదు. నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. డబ్బా లేకుండానే ఉందని చెప్పే యాప్‌ను నమ్మి ఇన్నాళ్లూ సిగ్నల్ చూసుకున్నానా అనిపించింది. అక్కడే నిలబడి కస్టమర్ కేర్‌కు ఫోన్ కలిపాను. తెలుగు కోసం రెండు నొక్కమంది. నొక్కాను. తర్వాత పాట పెట్టారు.

పాట వింటుంటే దుకాణం ఆయన అడిగాడు, "ఇంట్ల ఎవరున్నరమ్మా?"

"మా వదిన."

"ఆమెకు ఒక్కసారి ఫోన్ చేసి అడగరాదు, పక్కింటోళ్లు ఎవరన్న పెట్టిన్రేమో."

మామూలు కాల్ చేశాను. అందుబాటులో లేరని వచ్చింది. ఆ గదిలో ఎప్పుడూ అంతే. నెట్ ఉందని యాప్ అంటోంది కదా, దాని సంగతేందో చూద్దామని వాట్సాప్ కాల్ చేశాను. అవతలి ఫోన్‌కు నెట్ లేకపోతే "కాలింగ్" అనే ఉండిపోతుంది, ఉంటేనే "రింగింగ్" అని మారుతుంది. ఇది అందరికీ తెలిసిందే.

"రింగింగ్" అని మారింది.

మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పూర్తిగా మోగి ఆగిపోయింది. వదిన ఫోన్ ఎప్పుడూ మంచం మీద చేతికందేంత దూరంలోనే ఉంటుంది. రెండో రింగుకు ఎత్తుతుంది. ఆలస్యం చేస్తే ఎదుటివాళ్ల టైము పాడు చేసినట్టని ఆమె పట్టింపు.

డబ్బాను కౌంటర్ మీదే వదిలేసి ఆటో ఎక్కాను. దారంతా కోపంగానే ఉన్నాను. వదిన నిద్రపోయిందేమో, పక్కింటి వాళ్లు మా వైఫై వాడుకుంటున్నారేమో, ఇంటికి పోయి ఎవరిని ఏమనాలో మాటలు పేర్చుకుంటూ పోయాను.

వదిన తన గది బాత్రూం గడప మీద పడి ఉంది. వాకర్ పక్కకు ఒరిగింది. గడప అంచు తగిలి చెవి పైన తెగింది. ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటోంది కాబట్టి నెత్తురు ఆగలేదు. జాకెట్టు, కొంగు, కింద బండలు అంతా నెత్తురే. కళ్లు తెరిచే ఉంది.

"వచ్చినవా" అంది. అంతే.

తువ్వాలు గట్టిగా నొక్కి పట్టుకుని పక్కింటి వాళ్లను కేకేశాను. వాళ్ల కారులోనే హాస్పిటల్‌కు తీసుకుపోయాం. రవీందర్ నేరుగా అక్కడికే వచ్చాడు. కుట్లు వేసి, రక్తం ఎక్కించి, రెండు రోజులు ఉంచుకున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టర్ రవీందర్‌తో అంది. నా ఎదురుగా చెప్పలేదు గానీ నేను విన్నాను.

నేను గొళ్లెం పెట్టిన కాసేపటికే వదిన బాత్రూంకు పోదామని లేచి పడిందట. మోకాలు వంగదు, పాకలేదు, ఫోన్ ఉన్న మంచం దాకా రాలేకపోయింది. కేక వేసినా వీధి దాకా వినపడదు. ఆ గదికి ఉన్న ఒక్క ఆధారాన్ని నేనే పీకి సంచిలో వేసుకుపోయాను. ఇది ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

"కండ్లు మూతలు పడుతుంటె ఫోన్ మోగింది" అని హాస్పిటల్‌లో చెప్పింది. "ఎత్తరాకపాయె. గని నువ్వే చేస్తున్నవని ఎరుకైంది. ఎత్తకుంటె ఉరికొస్తవని తెల్సు. గందుకే కండ్లు మూయలే."

ఆమె ఫోన్‌లో మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పదకొండు ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై ఏడు.

కంపెనీ టెక్నీషియన్ గురువారం వచ్చాడు, నా మొదటి ఫిర్యాదు మీద. అప్పటికి రవీందర్ పోయి డబ్బాను తిరిగి తెచ్చాడు. దాని కింద ఉన్న నంబర్, రూటర్ లోపల నమోదైన నంబర్ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒక్క అక్షరం తేడా లేదు. పదకొండు ఇరవై నుంచి పదకొండు యాభై రెండు దాకా, అంటే నేను ఇల్లు చేరేదాకా, రూటర్‌కు కలిసి ఉన్నట్టుంది. ఆ సమయమంతా అది రాంగోపాల్‌పేట్‌లో కౌంటర్ మీద ఉంది. దాని ముందే కూర్చున్నానని దుకాణం ఆయన రవీందర్‌తో కూడా చెప్పాడు.

"ఒక్కోసారి సర్వర్ల పాత స్టేటస్ లేట్‌గ వస్తది మేడం" అన్నాడు టెక్నీషియన్.

"సరే, అది లేటుగ వచ్చిందనుకుందం. కాల్ ఎట్ల మోగింది?"

అతను డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. "సిగ్నల్ అప్పుడప్పుడు గోడ దాటొస్తది మేడం" అన్నాడు. గోడ వైపు చూసి, డబ్బాను నా చేతిలో పెట్టాడు.

దాటి వస్తుందేమో మేమూ చూశాం. డబ్బా తీసేసి, వదిన ఫోన్‌ను అదే మంచం మీద, అదే చోట పెట్టి, రవీందర్ హాల్లోంచి, వీధిలోంచి, ఆఫీసు నుంచి కాల్ చేశాడు. మూడు వారాలు ఇదే పని. తలుపులు తెరిచి, మూసి, ఫ్రిజ్ ఆపి చూశాం. ఒక్కసారి కూడా "రింగింగ్" అని మారలేదు.

తర్వాత ఆ టెక్నీషియనే ఒక దారి చెప్పాడు. కంపెనీ రూటర్‌ను ముట్టుకోకుండా, దాని వెనక ఖాళీగా ఉన్న రంధ్రం నుంచి వైరు లాగి, వెనక గదిలో మామూలు రూటర్ ఒకటి పెట్టుకోవడం. ఒక్క పూటలో అయిపోయింది. వదిన వ్యాయామం మళ్లీ ఎప్పుడూ ఆగలేదు. ఇంత చిన్న మాట నాలుగు ఫోన్లలో ఒక్కరూ చెప్పలేదంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఈ సంగతి విన్నవాళ్లు తలా ఒకటి చెబుతారు. ఇంటి దేవత అంటారు, పోయిన పెద్దవాళ్లంటారు, సాఫ్ట్‌వేర్ లోపమంటారు. లోపమే అయితే అది ముప్పై రెండు నిమిషాలే ఎందుకుందో చెప్పరు. దేవతే అయితే పది నలభైకే నా చేయి పట్టి ఆపొచ్చు కదా అని నేనడిగితే ముఖం చిట్లిస్తారు.

వదినకు ఈ గోలేదీ అక్కర్లేదు. ఇప్పుడు కర్ర సాయంతో వీధి చివర దాకా పోయి వస్తోంది. నేను మళ్లీ మళ్లీ అడిగితే, "ఎట్ల మోగితే ఏందీ, వచ్చినవు కద" అంటుంది.

ఆ రోజు నేను ఇంటికి పోయింది ఆమెకు ఏదో అయిందని కాదు. ఆ యాప్ అబద్ధం చెబుతోందని నిరూపించడానికి పోయాను. ఇప్పటికీ నిరూపించలేకపోయాను.