రిజిస్టరులో దేవే పేరు

ముందు రోడ్డు, కరెంటు, నీళ్లు రావాలి, కడుపు నిండాక ఓటు సంగతి చూసుకోవచ్చు అని ఖమ్మంలో మా టీ కొట్టు దగ్గర వాదించేవాళ్లలో నేనే ముందుంటాను. మోటార్లకు వైండింగ్ చేసుకుంటూ దేశాన్ని బాగుచేసే రకం. దుమ్ముగూడెంలో నర్సుగా చేస్తున్న చెల్లెలు సునీత విని విని విసిగిపోయింది. "అన్నా, ఒక్కసారి మా దిక్కు గ్రామసభకు వచ్చి చూడు. గప్పుడు మాట్లాడు" అంది.

సోమవారం ఉదయం ఐదున్నరకు భద్రాచలం బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, సీట్లూ వాళ్లవే. కొత్తగూడెం దాకా నిలబడే వెళ్లాను. సీట్లో ఉన్న ఒకావిడ నా అవస్థ చూసి, "మీరు ఏసిన ఓట్లే గద సారూ, నిలబడుండ్రి" అని నవ్వింది.

తొమ్మిదికి భద్రాచలంలో దిగి, ఇడ్లీ తిని, దుమ్ముగూడెం బస్సు పట్టుకున్నాను. దారిలో పోలీసులు బస్సు ఆపి అందరి పేర్లూ రాసుకున్నారు. నా ఇంటిపేరు తప్పు రాస్తే దగ్గరుండి సరిచేయించాను. గ్రామసభ జరిగే ఊరికి దుమ్ముగూడెం నుంచి సునీత స్కూటీ మీద అడవిలోకి పన్నెండు కిలోమీటర్లు. తారు సగం దాకానే. వెళ్లేవాళ్లు తాగే నీళ్లు దుమ్ముగూడెంలోనే నింపుకోవాలి.

పదకొండున్నరకు బడి వరండాలో గ్రామసభ మొదలైంది. మంజూరైంది ఒక్కటే బోరు. ఊళ్లో ఉన్నది ఎండాకాలం ఎండిపోతుంది, వాళ్ల బాధ వాళ్లది. ఊరవతల అడవి అంచున ఇంకో చిన్న గూడెం ఉంది. ఇరవై ఏళ్ల కింద ఛత్తీస్‌గఢ్‌లో కాల్పులకు భయపడి వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లది. వాళ్లకు అసలు బోరే లేదు. వాగు ఇసుకలో చెలమ తోడుకుని తాగుతారు.

బోరు ఊళ్లో వేయాలనేవాళ్లు చేతులెత్తమంటే చాలా లేచాయి. గూడెంలో వేయాలనేవాళ్లు ఎత్తమంటే గూడెమంతా ఎత్తింది. "ఓటరు లిస్టుల ఉన్నోళ్లే ఎత్తాలె" అన్నాడు పంచాయతీ సెక్రటరీ. ఒక్కో చెయ్యీ దిగింది. చివరికి దేవే అనే అమ్మాయి చెయ్యి ఒక్కటే మిగిలింది. ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఈ ఏడే ఓటు వచ్చిన పిల్ల.

"సరే, అందరి ఆమోదంతో ఊళ్లోనే" అంటూ సెక్రటరీ రాయబోయాడు.

"అందరు కాదు సార్. నేను ఒప్పుకోలే. నా పేరు రాయండ్రి. మా గూడెంల నీళ్లు లేవని సుత రాయండ్రి" అంది దేవే.

వెనక నుంచి ఆమె తల్లి ఉంగమ్మ వచ్చి కూతురి చెయ్యి పట్టి గుంజింది. కోయ భాషలో ఏదో అంటోంది. సునీత నా చెవిలో చెప్పింది. "వాళ్ల పాత ఊళ్లె కొట్లాడుకునే రెండు దిక్కులోళ్ల కాడ లిస్టులుండేటియట. దేంట్ల పేరు పడ్డా రాత్రికి ఇంటికొస్తరు. ఉంగమ్మ అన్న గట్లనే పోయిండు."

పొద్దున పోలీసులతో నా ఇంటిపేరు సరిచేయించుకున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

దేవే తల్లిని విదిలించుకోలేదు. ఎడమ చెయ్యి ఆమె చేతిలోనే ఉంచి, కుడిచేత్తో రిజిస్టరులో సంతకం చేసింది. పైన సెక్రటరీ రాశాడు: ఒకరు వ్యతిరేకం, గూడేనికి నీటి వసతి లేదు. ఉంగమ్మ కూతురి చెయ్యి వదిలి వెళ్లిపోయింది.

ఆ రాత్రి దుమ్ముగూడెంలో సునీత క్వార్టర్లోనే ఉన్నాను. మర్నాడు ఏడు గంటల బస్సు కోసం బయటికి వస్తే దవాఖానా మెట్ల మీద ఉంగమ్మ కూర్చుని ఉంది. తెల్లవారుజామునే బయల్దేరి అంత దూరం నడిచే వచ్చిందట. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందక్కా, పాణం బాగలేదా?" అంది సునీత కంగారుగా.

"రాత్రంత తలుపు కాడ కూసున్న" అంది ఉంగమ్మ వచ్చీరాని తెలుగులో. "ఎవలు రాలే." మళ్లీ అంది. "ఎవలు రాలే, నర్సమ్మా. నా పేరు ఏడ రాయించుకోవాలె?"

ఏడు గంటల బస్సు వదిలేశాను. ముగ్గురం వెళ్తే మండల ఆఫీసు పదిన్నరకు గాని తెరవలేదు. గుమాస్తా ఓటరు లిస్టులో పేరు చేర్చే ఫారం ఇచ్చి, ఇంకేవో కాగితాలు తెమ్మన్నాడు. అవి తను చూసుకుంటానంది సునీత.

ఒంటిగంట బస్సులో తిరుగు ప్రయాణం. పోలీసులు మళ్లీ ఆపి పేరు అడిగారు, చెప్పాను. బోరు ఊళ్లోనే పడుతుంది. నీళ్లు ముందా, ఓటు ముందా అని టీ కొట్టు దగ్గర ఇకమీదట నేను గట్టిగా వాదించలేను. ఉంగమ్మ మాత్రం ఆ పొద్దున చెలమ దగ్గరికి పోలేదు. ఖాళీ బిందె ఇంట్లోనే పెట్టి, పేరు రాయించుకోవడానికి వచ్చింది.