జోగారావుగారి పళ్ళెం

కింద పళ్ళెం లేనిదే జోగారావుగారు ఏ పనీ చెయ్యరు. నారాయణగూడ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, పాదరసంలో తగరం కరిగించి, నీళ్ళలా జారిపోయే మిశ్రలోహాల మీద పరిశోధన చేసేవారు. ఆ లోహాన్ని ఎనామిల్ పళ్ళెం మీద తప్ప గిన్నెలోంచి గిన్నెలోకి వంచేవారు కాదు. అంతవరకూ బాగానే ఉంది. ఇరానీ హోటల్లో సాసర్ కింద కూడా పళ్ళెం అడగడంతోనే వచ్చింది చిక్కు.

"సాసర్ ఉన్నది గద సార్!" అన్నాడు కొత్త డిమాన్‌స్ట్రేటర్ జగదీశ్వర్.

"సాసర్ ఒలికితే?"

చిక్కడపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్షింతలు రాలే చోట కింద పళ్ళెం ఏదని పురోహితుణ్ణి నిలదీశారట. "మా పెళ్ళిచూపులకీ పళ్ళెంతోనే వచ్చారు. పళ్ళు తెచ్చారనుకున్నాం, తీరా చూస్తే ఖాళీ పళ్ళెం!" అని అశోక్‌నగర్ ఇంట్లో రాజ్యలక్ష్మిగారు మొగుడి ముందే చెప్పి నవ్వేవారు.

జగదీశ్వర్‌కి మాత్రం పళ్ళెం పేరెత్తితే ఒళ్ళుమంట. ఒకరోజు జోగారావుగారు క్లాసులో ఉండగా, "చెంచాడు లోహానికి పళ్ళెమేంది!" అనుకుని ఉత్త బల్ల మీదే వంచాడు. చెయ్యి జారింది. లోహం వెయ్యి గుండ్లై గదంతా పరుగు తీసింది.

"మాసమ్మా! జర చీపురు తీస్కరా!"

గదులూడ్చే మాసమ్మ వచ్చి వంగింది. ఆమెకున్న బంగారమల్లా మెడలోని పుస్తె ఒక్కటే. అది నేలకేసి ఊగుతోంది.

"ఆగమ్మా! పుస్తె!" గుమ్మంలోంచి జోగారావుగారి కేక. "ఆ గుండు తగిలిందంటే బంగారం తెల్లబడి పెళుసైపోతుంది! బయటికెళ్ళు. నువ్వు కిటికీలు తెరవవయ్యా!"

ఉంగరం తీసి జేబులో వేసుకుని, ఇస్త్రీ ప్యాంటుతో నేలమీద బోర్లా పడుకున్నారు. కాగితం ముక్కతో ఒక్కో గుండునీ పళ్ళెంలోకి తొయ్యసాగారు.

"మాసమ్మ ఊడుస్తుండె గద సార్, మీరెందుకు?"

"ఊడిస్తే ఒక గుండు వందవుతుంది. అయినా ఒలకబోసేది మనం, ఎత్తేది ఆవిడ. పళ్ళెం మనకోసం అనుకున్నావా?"

జగదీశ్వర్‌కి తల కొట్టేసినట్టయింది. తనూ పక్కన బోర్లా పడి కాగితం అందుకున్నాడు. కాసేపటికి నోరాగలేదు.

"మరి సాసర్ కింద?"

"హోటల్లో మాత్రం బల్ల తుడిచేవాడు లేడూ?"

గుమ్మం అవతల, పుస్తె పిడికిట్లో పట్టుకుని చూస్తున్న మాసమ్మ ఒక్కసారిగా అరిచింది.

"సారు కండ్లద్దాలు జారుతున్నయ్! జర పళ్ళెం వెట్టుండ్రి!"

జగదీశ్వర్ అప్పటికే పెట్టేశాడు.