డాబా మీది చెప్పులు

మొన్న ఆదివారం పొద్దున కాలేజీ అటెండరు మా గేటు ముందు సైకిలు ఆపి, దిగకుండానే చెప్పాడు. "మేడమ్ గారు పోయారండీ. చర్చికి బయల్దేరబోతా కుర్చీలో కూర్చున్నారంట, అంతే." చేతిలోని కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మెడికల్ కాలేజీలో మాకు సామాజిక ఆరోగ్యం చెప్పిన మేడమ్ ఆవిడ. ఎనభైల మొదట్లో ఆ సబ్జెక్టంటే మాకు మహా చులకన. "ఈగలూ దోమలూ" అని పేరు పెట్టుకున్నాం. కత్తి పట్టినవాడే డాక్టరనుకునే వయసు మాది. మేడమ్ ఒకరోజు ఊబకాయం గురించి మొదలుపెడితే వెనక బెంచీలు నవ్వాయి. వార్డు నిండా ఎముకల గూళ్ళు పడి ఉంటే లావు గురించి పాఠమేమిటని. పైగా మేడమ్ కూడా బొద్దుగానే ఉండేవారు. ఆవిడ తూకం మిషన్ తెప్పించి, తనే ముందు ఎక్కి, ముల్లు ఎక్కడ ఆగిందో గట్టిగా చదివారు. "ఇప్పుడు నవ్వండి. నవ్వడం అయ్యాక నేనెందుకు లావయ్యానో ఒక్కొక్కళ్ళే కనుక్కోండి. తూకం చెప్పడానికి మిషన్ చాలు, డాక్టరెందుకు?"

అద్దంకి రోడ్డులో ఓ పల్లెకి మమ్మల్ని బస్సులో తీసుకెళ్ళి ఇంటింటికీ తిప్పేవారు. మాలో ఒకడు ఓ ఇల్లాలికి అన్నం సగానికి తగ్గించమని చెప్పి, పెద్ద ఘనకార్యం చేసినట్టు తిరిగొచ్చాడు. మేడమ్ వాణ్ణి మళ్ళీ ఆ ఇంటికే పంపారు. "ఏరా అబ్బాయ్, ఆవిడ ఎప్పుడు తింటుందో అడిగావా? అందరూ తిని లేచాక, మిగిలింది పారెయ్యడానికి చేతులు రాక తింటుంది. వెళ్ళి ముందు ఆ సంగతి కనుక్కో."

ఆ వారమే మా అందరికీ ఒక పని పెట్టారు. "ఊరంటే పల్లెటూరొకటే కాదు. మీ ఇల్లు కూడా ఊళ్ళోనే ఉంది. మీ అమ్మల్ని తూచి రాసుకు రండి."

మా నాన్న మిర్చి కమీషను వ్యాపారి. బస్తాలు తూచే కాటా మా కొట్లోనే ఉంది. దాని మీద నిలబడమని అడగ్గానే అమ్మ, "నన్నూ బస్తాని చేశావటే?" అని లోపలికి వెళ్ళిపోయింది. నేను నోటికొచ్చిన అంకె రాసిచ్చాను. మేడమ్ కాగితం చూసి, తర్వాత నన్ను చూసి, "ఏ కాటా మీదమ్మా?" అన్నారు. ఆ సాయంత్రమే ఆవిడ మా ఇంటికి వచ్చారు.

అమ్మకి అప్పటికి సుగరు బయటపడి ఏడాది. నడవమని డాక్టరు చెప్పాడు. ఎక్కడ నడవాలి? మా ఇంటి ఆడవాళ్ళు వీధిలో నడవరు. పెళ్ళికైనా సినిమాకైనా గుమ్మం ముందుకి రిక్షా రావలసిందే. కాపురానికొచ్చిన ఇరవై రెండేళ్ళలో అమ్మ వీధి చివరిదాకా కూడా నడిచి వెళ్ళలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నేనేమో నడక గొప్పతనం గురించి నోట్సు రాసుకుని, రిక్షాలో ఇంటికొచ్చేదాన్ని.

నాయనమ్మ మేడమ్‌కి వసారాలో కుర్చీ వేయించింది. లోపలికి రమ్మనలేదు. కాఫీ కూడా విడిగా ఉంచే గ్లాసులో వచ్చింది. నాకు చచ్చిపోవాలనిపించింది. మేడమ్ ఆ గ్లాసుని ఒకసారి చూసి, తాగేసి, "డాబా చూపిస్తారా?" అన్నారు. మెట్లు బయటనుంచే కాబట్టి నాయనమ్మకి కాదనడానికి దారి దొరకలేదు.

డాబా నిండా ఏడాది కారానికని మిరపకాయలు ఎండుతున్నాయి. మేడమ్ చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి, కాళ్ళు ఈడుస్తూ కాయల మధ్య ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. వెనకాల చాళ్ళు పడ్డాయి.

"తినే కాయల్ని కాళ్ళతోనా!" అంది నాయనమ్మ.

"గుంటూరు కాయంతా కాళ్ళు తిరగేసిందేనండీ పెద్దమ్మగారూ. మా అమ్మ కల్లాల్లో ముప్పయ్యేళ్ళు ఈ పనే చేసింది." అని, అమ్మ వైపు తిరిగారు. "మీరు మాత్రం కాళ్ళతో వద్దమ్మా, సుగరుంది. రోజూ పొద్దునే కర్రతో తిరగేయండి. చెప్పులేసుకుని వరసల మధ్య నడవండి."

"నాకు చెప్పుల్లేవండీ," అంది అమ్మ.

ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అదే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని.

మర్నాడే మేడమ్ నీలం పట్టీల రబ్బరు చెప్పులు తెచ్చిచ్చారు. కాయలు తిరగేయడం ఇంటి పనే కాబట్టి ఎవరూ అడ్డం చెప్పలేదు. కాయలు ఎత్తేశాక కూడా అమ్మ నడక మానలేదు. ఆయాసం తగ్గింది, మొహం తేటపడింది. కానీ పిట్టగోడ దాకా వెళ్ళడం, వెనక్కి తిరగడం, అంతే. "గానుగెద్దుకి కళ్ళకి గంతలన్నా కడతారే. నాకు వీధంతా కనిపిస్తా ఉంటది," అంది ఒకసారి. నేను విననట్టు పుస్తకంలో తల పెట్టుకున్నాను.

మేడమ్ ఎప్పుడొచ్చినా వసారాలో కూర్చుని ఒకటే ప్రశ్న అడిగేవారు. "గేటు దాటారా అమ్మా?"

"డాబా చాల్లెండి," అనేది అమ్మ.

ఓసారి సాగనంపడానికి వెళితే నాతో అన్నారు. "మీ అమ్మకి కాస్త పెద్ద గది చూపించానంతేనమ్మా. తలుపు తియ్యడం నావల్ల కాలేదు. నీవల్ల అవుద్దేమో చూడు." నావల్లా కాలేదు. ఇప్పుడు నేను డాక్టర్ని. రోజూ ఎంతోమందికి నడవమని చెబుతాను. ఆస్పత్రికి వెళ్ళేదీ వచ్చేదీ రిక్షాలోనే. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆదివారం కబురు విని నాన్న, "ఊరందరికీ చెప్పిన మనిషి, చివరికి తనే గుండెపోటుతో పోయింది చూడు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఐదేళ్ళుగా అమ్మ ఆయాసం లేకుండా మెట్లెక్కుతోందంటే ఎవరివల్ల?" అన్నాను. నాన్న రిక్షా పిలిపించాడు.

అమ్మ డాబా మెట్లు దిగి వచ్చింది. కాళ్ళకి ఆ నీలం పట్టీల చెప్పులున్నాయి. ఐదేళ్ళలో అవి డాబా దిగడం అదే మొదటిసారి. రిక్షాని దాటుకుని వెళ్ళి గేటు మీద చెయ్యి వేసింది.

"నేను నడుస్తానండీ."

"నలుగురూ చూస్తారు," అన్నాడు నాన్న.

"చూడనీండి. ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలుసు."

నాన్న రిక్షా అతనితో, "వెనకాలే వెళ్ళు. వదిలిపెట్టమాక," అన్నాడు.

మేడమ్ ఇల్లు మాకు నాలుగు వీధుల అవతల. అమ్మ నెమ్మదిగా నడిచింది. తన పక్కనే నేనూ నడిచాను. ప్రతి మలుపులోనూ రిక్షా అతను "ఎక్కండమ్మా" అంటున్నాడు. ప్రతి మలుపులోనూ అమ్మ ఆగి నన్ను అడుగుతోంది, "ఎటే?"

అక్కడ గుమ్మం ముందు అందరి చెప్పుల పక్కన తన చెప్పులు విడిచి, అమ్మ లోపలికి వెళ్ళి మేడమ్ పాదాల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. వసారాలో ఎప్పుడూ మాట్లాడినట్టే, మామూలు గొంతుతో, "దాటానండీ," అంది.

బయట రిక్షా ఖాళీగా నిలబడే ఉంది.