నడక కూడా ఒక ఆటేనా అన్నందుకు

నోరు తెరిచి చెల్లెలి ఆశను ముంచబోయి, చివరికి మా వీధి మొత్తానికి వేడుకైపోయిన సాయంత్రం గురించి చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. నాకు అలవాటైపోయింది.

ముందు మా ఇళ్లలోని ఒక దురలవాటు చెప్పాలి. తమిళుల ఊరైన తుడియలూరులో మా తెలుగువాళ్లకు వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. వచ్చినవాళ్లతో తమిళంలో మర్యాదగా మాట్లాడుతూనే, మధ్యమధ్యలో వాళ్ల గురించే తెలుగులో అనేసుకుంటాం. తెలుగు మాకు తలుపులాంటిది. అది మూసుకుంటే అవతలివాళ్లకు ఏమీ వినపడదని మా తాతల కాలం నుంచీ నమ్మకం.

మా చెల్లెలు సుధ కాలేజీలో వేగనడక పోటీలు గెలిచి, చెన్నైలో శిక్షణ శిబిరానికి ఎంపికైంది. ఇక నాన్న ఒప్పుకోవడమే మిగిలింది. పంపుల వర్క్‌షాప్ నడిపే ఆయనకు దేనికైనా గిరాకీ ఉందా లేదా అన్నదే లెక్క. ఆ నడక ఒలింపిక్స్‌లో ఉందో లేదో కనుక్కోమని నన్ను పురమాయించాడు. ఇంజనీరింగ్ చదువుతున్న నాకు తెలియనిది లోకంలో ఉండదని ఆయన నమ్మకం. నాదీ అదే.

ఫోన్ తీసి చూశాను. గోడలెక్కడం ఉంది, చక్రాల పలక మీద గెంతడం ఉంది, గుర్రం చేత సొగసుగా అడుగులు వేయించడం కూడా ఉంది. మనిషి నడవడం మాత్రం కనపడలేదు. అది అథ్లెటిక్స్ అనే పేరు కింద పరుగులతో పాటు ఉంటుందని, ఆ పేరు మీద ఒక్కసారి నొక్కితే చాలని ఈ మేధావికి తట్టలేదు.

ఆ సాయంత్రమే సుధ కోచ్ నాన్నను ఒప్పించడానికి వచ్చారు. యాభై దాటిన సన్నటి మనిషి, కాళ్లకు బూట్లు, చక్కటి తమిళం. ఆవిడ చెబుతుంటే నాన్న మెల్లగా మెత్తబడుతున్నాడు. నా పరిశోధన వృథా అయిపోతుందని భయమేసి, గబుక్కున తెలుగు తలుపు మూశాను.

"నాయనా, ఇది ఒలింపిక్స్‌లో లేనే లేదు. నడిచేది కూడా ఒక ఆటనా? ఆ నడుము తిప్పుడు చూస్తే బాతు సంతకు పోయినట్ల ఉండాది."

వంటింటి గుమ్మంలో సుధ మొహం మాడిపోయింది. కళ్లలో నీళ్లు ఆపుకుంటోంది. అది చూసైనా ఆగాలి కదా? ఆగే రకాన్నైతే మీరిది చదివేవారే కాదు. ఈమె పనిలేక పిల్లల్ని పోగేస్తోందని, కాఫీ తాగించి పంపించేద్దామని కూడా అన్నాను. ఆవిడ నా వైపు చూసి నవ్వారు. పాపం, ఎంత అమాయకురాలో అనుకున్నాను.

ఆవిడ కాఫీ పూర్తిచేసి టంబ్లర్ కింద పెట్టారు.

"కాపీ బాగుండాదమ్మా. మాది మేలూరు పక్క. మా ఇంట్లోనూ ఇట్లనే మాట్లాడుకుంటాము."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న తిరగని ఫ్యాన్ వైపు శ్రద్ధగా చూడసాగాడు. నాకు మాత్రం తమిళం, తెలుగు రెండూ ఒకేసారి మరుపుకొచ్చాయి.

"ఆ బాతు నడక వీధి చివరిదాకా నాతో నడిచి చూడప్పా. నువ్వు ముందర పోతే నేను సుధను అడగను."

ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉండాలట, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదట. ఇంతేనా అనుకున్నాను. నాలుగిళ్లు దాటేసరికి నా పిక్కలు మంటెక్కాయి. ఆవిడ అప్పటికే టైలర్ కొట్టు దాటిపోయారు. టైలర్ కుట్టు ఆపి బయటికొచ్చాడు, పాలకొట్టు దగ్గరివాళ్లంతా లేచి నిలబడ్డారు. పరువు కోసం పరుగెత్తాను. పరుగెత్తీ ఓడిపోయాను.

వెనకే వచ్చిన నాన్న ఆవిడ కాళ్ల వైపు చూసి, సుధతో ఒక్కటే మాటన్నాడు.

"పోయిరా, పాపా."

అది ఏడ్చేసింది. నాకూ సంతోషమే వేసింది, పిక్కల్లో తప్ప ఒళ్లంతా. మేడమ్ మాత్రం నా భుజం తట్టి, నోటికొకటి, పరుగుకొకటి, రెండు ఎర్రకార్డులు పడ్డాయని, మూడోది పడితే ఆటలోనుంచి బయటికేనని, ఆ మూడోది సుధ చేతిలో ఉందని చెప్పి వెళ్లారు.

కాబట్టి మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఎవరి ఎదుటా తెలుగులో వాళ్ల గురించి మాట్లాడను. రేపు మా ఇంటికి జపాన్ నుంచి మనిషి వచ్చినా సరే, ముందు "మీదే ఊరండీ" అని తెలుగులో అడుగుతాను. జవాబు రాకపోయినా నమ్మను.