దో మారే

చలికాలం అనగానే అందరికీ దుప్పట్లు గుర్తొస్తాయి. నాకు టిప్పర్లు గుర్తొస్తాయి. ఊరి బయట క్రషర్ల దగ్గర కంకర నింపుకొని, పెద్ద బండ్లకు పగటి నిషేధం మొదలయ్యేలోపు నగరంలో దింపేసి పోవాలని అవి చాంద్రాయణగుట్ట దారిలో పరుగెత్తే వేళా, నేను స్కూటర్ మీద బడికి పోయే వేళా ఒక్కటే. నేనుండేది సంతోష్‌నగర్‌లో. బార్కస్ అవతల ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. పొద్దున్నే దారంతా మంచు, ఆ మంచులో టైరు ముక్కలు కాల్చుకొని చలి కాచుకునేవాళ్ల పొగ. బార్కస్‌లో ముందు గోధుమా మాంసమూ ఉడికే హరీస్ వాసన వస్తుంది, ఆ తర్వాతే హోటల్ కనబడుతుంది. టిప్పర్ మాత్రం ఏ కబురూ లేకుండా వస్తుంది. వెనక చేరి హారన్ కొట్టిందంటే పై ప్రాణాలు పైనే పోతాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ దారిలో నేను తిట్టని టిప్పర్ లేదు. ఒకసారి నన్ను ఫుట్‌పాత్ మీదకి నెట్టేసిన బండి మీదకి నా టిఫిన్ డబ్బా విసిరాను. పెరుగన్నం ముందద్దం నిండా పరుచుకుంది. డ్రైవరు వైపర్ వేసుకొని వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆకలితో కూర్చొని, పిల్లలను ఊరికే కసిరాను.

మూడేళ్ల కిందటి చలికాలంలో ఆ బండ్లలో ఒకటి నా కాలు తీసుకుంది.

మలుపు దగ్గర నేను దానికి ఎడమ పక్కన ఉన్నాను. అది ఎడమకే తిరిగింది. స్కూటర్‌తో సహా పడ్డాను. వెనక చక్రం నా కుడి పాదం మీదకి ఎక్కి, అక్కడ ఆగింది. ఏదో తగిలిందని డ్రైవరుకు తెలిసింది, బ్రేకు వేశాడు. ఆ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను, ఆయన ఆగాడు. నొప్పి ఇంకా మొదలవలేదు. పాదం ఏమయిందో చూద్దామని తల ఎత్తుతుంటే, బండి ఒంటి మీద రెండు దెబ్బలు వినిపించాయి. ధన్, ధన్.

బస్సెక్కేవాళ్లకీ, లారీ తోలేవాళ్లకీ ఈ ఊళ్లో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. బండిని అరచేత్తో ఒక్కసారి కొడితే ఆపమని. రెండుసార్లు కొడితే పోనిమ్మని. ఎడమ పక్క ఏముందో కనపడని డ్రైవరు, క్లీనరు కూడా లేని డ్రైవరు, ఆ రెండు దెబ్బల కోసమే ఎదురుచూస్తూ ఉండి ఉంటాడు. బండిని ముందుకు పోనిచ్చాడు. చక్రం పాదం దిగలేదు. మడమ మీంచి పిక్క మీదకి, పిక్క మీంచి మోకాలి మీదకి వచ్చింది. ఎముక విరిగిన చప్పుడు చెవులతో కాదు, పళ్లలో విన్నాను. నా అరుపు విని ఆయన మళ్లీ ఆగాడు. అప్పటికి మోకాలి కింద ఇక మిగిలిందేమీ లేదు.

ఆ రెండు దెబ్బలు కొట్టింది మా పాలన్న. గౌలిపురలో బర్రెలు పెట్టుకొని, సంతోష్‌నగర్ దాకా ఇంటింటికీ పాలు పోసేవాడు. అమ్మ ఉన్నప్పటి నుంచీ మాకు ఆయన పాలే. ఆ పొద్దు నా వెనకే బండి మీద వస్తున్నాడు. నేను పడగానే క్యాన్లు రోడ్డు మీద వదిలేసి ఉరికొచ్చి, ఆపమని రెండు చేతులతో టిప్పర్‌ను కొట్టాడు. భయంలో మనిషి ఒక్కసారి కొట్టి ఊరుకుంటాడా?

తర్వాత జరిగింది నేను నేల మీద పడుకునే చూశాను. జనం డ్రైవరును కాలర్ పట్టి కిందికి గుంజారు. "సంపుదామనే ముందట్కి పోనిచ్చిండు బాడ్కవ్" అని ఎవరో అరిచారు. కాలు పోయినవాడికన్నా ప్రాణం పోయినవాడితో లొల్లి తక్కువని డ్రైవర్లు కావాలనే మళ్లీ ఎక్కిస్తారని మా దారిలో అందరూ నమ్ముతారు. ఆయనకు తెలుగు రాదు. ఎక్కడి నుంచి వచ్చాడో, బక్క మనిషి, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకున్నాడు. దెబ్బలకు చేతులు అడ్డం పెట్టుకుంటూ, "దో మారే! దో మారే నా!" అని ఏడుస్తున్నాడు.

రెండు కొట్టారు కదా అంటున్నాడాయన. కానీ ఆ మాటకు ఇద్దర్ని చంపానన్న అర్థమూ వస్తుంది. జనానికి అదే అర్థమైంది.

"ఇద్దర్ని సంపిండంట! ఇంకొకలు ఏరి? కింద సూడుండ్రి!"

నలుగురు నా పక్కనే మోకాళ్ల మీద వంగి చక్రాల మధ్య రెండో శవం కోసం వెతికారు. మిగతావాళ్లు ఆయన్ని చెప్పులతో, హెల్మెట్లతో, చివరికి ఆయన బండిలోని జాకీ రాడ్డుతోనే కొట్టారు. దవడ విరిగాక కూడా ఆయన అదే మాట అనబోయాడు, అక్షరాలు రాలేదు. నేను "కాదు, కాదు" అనాలనుకున్నాను. నా నోట్లోంచి అరుపు తప్ప ఏదీ రాలేదు. పాలన్న నన్ను ఎత్తుకొని ఆటోలో వేసుకున్నాడు. తువ్వాలతో తొడ బిగించి కట్టి, దారి పొడుగునా ఒకటే మాట. "చెల్లె, కండ్లు ముయ్యకు. నేనున్న. ఫికర్ చెయ్యకు." ఆ కట్టే నన్ను బతికించిందని డాక్టరు తర్వాత చెప్పాడు.

మాట వచ్చాక పోలీసులకు చెప్పాను. డ్రైవరు ఆగాడు, ఎవరో రెండు దెబ్బలు కొడితే పొమ్మన్నారనుకుని కదిలాడు, కావాలని చెయ్యలేదు అన్నాను. ఎవరు కొట్టారు అని అడిగారు. మంచులో కనబడలేదన్నాను. దాంతో ఆయన మీద చంపబోయాడన్న కేసు తీసేశారు. విరిగిన దవడతో ఆయన తన ఊరికి వెళ్లిపోయాడట, మళ్లీ బండి ముట్టలేదట.

పాలన్నకు మాత్రం చెప్పలేదు. ఎలా చెబుతాను? ఆస్పత్రి నుంచి ఇంటికొస్తే మేడ మెట్లు నన్ను ఎత్తుకొని ఎక్కించింది ఆయన. బర్రె ఈనితే మొదటి జున్నుపాలు మా ఇంటికే. కొత్త కాలు పెట్టుకొని మొదటి అడుగు వేసిన రోజు వాకిట్లో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నీ చెయ్యే నా కాలు మీదకి బండిని పంపింది అన్నా" అని ఆ మనిషితో అంటే ఇంకేమైనా ఉందా? గుండె పగిలి చస్తాడు. కాలు ఎలాగూ పోయింది, మనిషిని కూడా పోగొట్టుకోవడం దేనికి?

మరుసటి చలికాలానికి మేమో గుంపయ్యాం. బడి తల్లులు, ఆటోవాళ్లు, ఆఫీసుకు పోయేవాళ్లు. పొద్దున్నే మలుపు దగ్గర 'బతకనివ్వండి' అని రాసిన అట్టలు పట్టుకొని నిలబడేవాళ్లం. బడి వేళల్లో టిప్పర్లు వద్దు, ప్రతి బండికీ క్లీనరు ఉండాలి, ఎడమ పక్కన పెద్ద అద్దం, చక్రాల పక్కన ఇనుప కమ్ములు. ఎక్కని ఆఫీసు లేదు. అన్ని ఆఫీసులూ పై అంతస్తులోనే ఎందుకుంటాయో కాలు పోయినవాళ్లకే తెలుస్తుంది. ఒకాయన నా కర్ర వంక చూస్తూ, "హెల్మెట్ పెట్టుకున్నారా మేడమ్?" అని అడిగాడు.

"పెట్టుకున్నాను సార్, తల బాగానే ఉంది. కాలికి పెట్టుకునేది ఉంటే చెప్పండి, అదీ కొంటాను."

ఆయన మాకు టీ తెప్పించాడు. అదొక్కటే దొరికింది.

మా గుంపులో అందరికన్నా పెద్ద గొంతు పాలన్నది. ఎక్కడ మైకు ఇచ్చినా అదే కథ. "నేను ఎన్కనే ఉన్న. పాల క్యాన్లు గాడ్నే పడేసి ఉర్కిన. గీ చేతులతోని ధన్ ధన్ కొట్టిన సార్! అయినా ఆపలే, మా చెల్లె మీదకెల్లి పోనిచ్చిండు. మల్ల దో మారే, దో మారే అని వాడే ఒప్పుకున్నడు. గిసొంటోళ్లకు రోడ్డు ఇస్తరా?" ధన్ ధన్ అన్నప్పుడు ముందున్న టేబుల్‌ను కొట్టి చూపించేవాడు. ఆ చప్పుడుకు లేని కాలు సలిపేది. జనం చప్పట్లు కొట్టేవారు, నేను తల దించుకొని కూర్చునేదాన్ని.

అన్నిటికన్నా సులువైన మాట, ఏ అధికారి సంతకమూ అక్కర్లేని మాట ఒకటి నా దగ్గర ఉంది. ఎవరైనా చక్రం కింద పడితే బండిని ఒక్కసారే కొట్టండి అని. అది చెబితే ఒకరికైనా కాలు మిగిలేదేమో. కానీ ఎందుకో కూడా చెప్పాలి కదా. మైకు నోటి దాకా తెచ్చుకొని, పక్కన పాలన్న ముఖం చూసి, అద్దాల గురించీ క్లీనర్ల గురించీ చెప్పి దిగిపోయేదాన్ని.

ఈ చలికాలంలో ఒక పొద్దు. మంచు బాగా పట్టింది. మేం అట్టలు పట్టుకొని రోడ్డు అంచునే ఉన్నాం. ఒక టిప్పర్ మా మీదకే వచ్చినట్టు వచ్చి, చివరి క్షణంలో పక్కకు తప్పుకుంది. మా బ్యానర్ చక్రానికి చుట్టుకుపోయింది. ఎవరికీ గీత కూడా పడలేదు. అయినా ఏళ్ల తరబడి దాచుకున్న కోపమంతా ఒక్కసారి పైకి లేచింది. నాకూ లేచింది, అబద్ధం ఎందుకు? వాణ్ని చంపెయ్యాలనిపించింది.

మావాళ్లు బండికి అడ్డం పడి డ్రైవరును దింపారు. మొదటి దెబ్బ పాలన్నదే. 'బతకనివ్వండి' అట్టకున్న కర్ర ఊడబీకి డ్రైవరు వీపు మీద విరిగేదాకా కొట్టాడు. విరిగిన ముక్కతో మళ్లీ కొట్టాడు. ఆటోవాళ్లు తన్నుతున్నారు. నాతో రోజూ పిల్లల చదువుల గురించి మాట్లాడే ఒక తల్లి, చెప్పు తీసి ఆయన మూతి మీద కొట్టింది. రక్తం కంకర దుమ్ములో పడి నల్లగా అంటుకుంటోంది. ఆయన నేల మీద ముడుచుకొని తల దాచుకుంటున్నాడు. "ఆపండి" అని అరిచాను. ఎవరూ వినలేదు.

"మా చెల్లె కాలు తీసింది గిసొంటోడే! దో మారే అన్నడు, దో మారే!" అంటూ పాలన్న పక్కనున్న బండరాయి ఎత్తాడు.

ఇక నాకు వేరే దారి తోచలేదు. నా ఊతకర్ర తిప్పి పాలన్న భుజం మీద శక్తి కొద్దీ కొట్టాను. రాయి జారి ఆయన కాలి పక్కనే పడింది. వెనక్కి తిరిగి, కొట్టింది నేనా అన్నట్టు చూశాడు.

"సంపిన అనలే అన్నా," అన్నాను. "గాయన సంపిన అనలే. రెండు కొట్టిండ్రు అన్నడు. టిప్పర్ ఆగింది, నేను చూసిన. రెండు దెబ్బలు వడ్డంకనే కదిలింది. గవి నీ దెబ్బలే."

అందరూ ఆగిపోయారు. పాలన్న గాలిలో ఏదో కొడుతున్నట్టు కుడి చెయ్యి ఒకసారి ఎత్తాడు, తర్వాత ఎడమది. ఆయన పెదాలు కదలడం చూశాను. ఒకటి, రెండు. లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ డ్రైవరును కొట్టిన దెబ్బలన్నీ కలిపినా నేను పాలన్నను మాటతో కొట్టిన దెబ్బంత కావు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

"మూడేండ్ల సంది తెలుసా నీకు?" అన్నాడు.

"తెలుసు అన్నా."

"జున్నుపాలు తెస్తే గూడ తాగినవ్ గదా చెల్లె."

తాగాను. ఇష్టంగానే తాగాను. ఆ మాటైనా అందామని నోరు తెరిచేసరికి పోలీసు బండి వచ్చి ఆగింది. జనం మంచులోకి జారుకున్నారు. అట్టలు రోడ్డు మీదే ఉన్నాయి. డ్రైవరు టైరుకు ఆనుకొని, పగిలిన మూతి స్వెట్టర్ చేతితో తుడుచుకుంటున్నాడు. కానిస్టేబుల్ దిగి మిగిలిన మమ్మల్ని ఒకసారి చూశాడు.

"ఎవడు కొట్టిండు?"

నేను కర్ర మీద బరువు మోపి అడుగు వేసేలోపే పాలన్న ముందుకు వెళ్లాడు.

"నేనే సార్."

"దేంతోని కొట్టినవ్?"

విరిగిన కర్ర ఆయన కాళ్ల దగ్గరే ఉంది, రాయీ అక్కడే ఉంది. ఆయన దేని వైపూ చూడలేదు. రెండు అరచేతులూ కానిస్టేబుల్ ముందుకు చాపాడు.

"గీ చేతులతోని సార్. రెండు దెబ్బలు. మా చెల్లె కాలు వోయింది."