రెండు చెవులూ కనబడాలి

సిమ్ బూన్ లెంగ్‌కి ఫోటోలు తీయడం కంటే, ఫోటోలు ఎలా తీయకూడదో చెప్పడం బాగా వచ్చు. పదకొండేళ్ళు ఆ విద్య మీదే బతికాడు. శని, ఆదివారాల్లో పొద్దున ఏడున్నరకల్లా పెనాంగ్ రేవు దగ్గర గడియారపు స్తంభం కింద పదిమందిని పోగేసేవాడు. అందరూ పై దేశాలవాళ్ళు. అందరి మెడల్లోనూ కెమెరాలు. వాళ్ళని వెంటేసుకుని పాత చీనా పేట సందుల్లో మూడు గంటలు తిప్పేవాడు. అగరొత్తుల కొట్టు, ఒక వంశం వాళ్ళ పూర్వీకుల గుడి వాకిలి, శవపేటికలు చేసే ఆయన అరుగు వరసగా చూపించి, చివరికి గంపల సందులో ఒక ఇంటి ముందు ఆపేవాడు. అక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు.

"ఇక్కడ ఒక్కటే నియమం. మొహం తీయకండి. మొహాలు అందరూ తీస్తారు, పాస్‌పోర్టు ఆఫీసు గుమాస్తా కూడా తీస్తాడు. మీరు చేతులు తీయండి. ఆవిరి తీయండి. గోడ మీద నీడ తీయండి. ఈ ముసలాయన మొహంలో లేని కథ ఆ చేతుల్లో ఉంది."

ప్రతి శనివారం అవే మాటలు. 'కథ' అనే ముందు అదే విరామం. వచ్చినవాళ్ళు తలలూపి ఆ ఇంట్లోకి వంగి చూసేవాళ్ళు.

ఆ ఇల్లు అతనిదే. ఆ ముసలాయన అతని తండ్రి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. చెబితే ఫోటోకి విలువ తగ్గుతుందట! పెద్ద కళాకారుడు మరి.

తండ్రి పేరు తేక్ హ్వాత్. పొపియాలోకి పొరలు వేస్తాడు. ఉడికించిన కూరలూ రొయ్యలూ పెట్టి చుట్టుకునే పొర అది, మన పూతరేకు కంటే ఒక్క పిసరు మందం. నాలుగు పెనాలు వరసగా కాలుతుంటాయి. జారిపోయే పిండి ముద్దని అరచేతిలో ఆడిస్తూనే ఉండాలి, ఆపితే కింద పడుతుంది. ముద్దని పెనానికి ఇలా తాకించి, గుండ్రంగా తిప్పి, చటుక్కున లాగేస్తే తెల్లటి పొర అంటుకుంటుంది. నాలుగో పెనం దగ్గరికి వెళ్ళేసరికి మొదటి దాని అంచు లేస్తుంది. దాన్ని వేలి కొసతో ఎత్తాలి. యాభై ఏళ్ళు అలా ఎత్తీ ఎత్తీ ఆయన వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. గుర్తింపు కార్డుకి వేలిముద్రలు పడక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

బూన్ లెంగ్ మొదట్లో ఫిల్ములు కడిగే స్టూడియోలో పనిచేశాడు. ఫిల్ములతోపాటు స్టూడియో కూడా పోయాక ఆరు నెలలు ఇంట్లో పడుకున్నాడు. అప్పుడొక యాత్రికుడు దారి తప్పి వాళ్ళ సందులోకి వచ్చి, తేక్ హ్వాత్ చేతుల్ని ఫోటో తీసుకుపోయాడు. అది ఏదో పత్రికలో వచ్చింది. ఆ చేతులెక్కడున్నాయని అడుగుతూ మనుషులు రావడం మొదలుపెట్టారు. పడుకున్నవాడు లేచాడు. తండ్రి కూడా సంతోషించాడు పాపం, కొడుక్కి ఒక దారి దొరికిందని.

"నాన్నా, శనివారం పిండి కాస్త పల్చగా కలుపు. ఆవిరి బాగా లేస్తుంది," అన్నాడు కొడుకు ఒకసారి.

"ఆవిరి కోసం పొర చెడగొట్టుకోనా? చిరిగిపోతుందిరా."

"చిరిగితే చిరిగింది. వాళ్ళేమన్నా తింటారా?"

తేక్ హ్వాత్ శనాదివారాల్లో ఫోటోల కోసం వేరే పిండి కలపడం అలవాటు చేసుకున్నాడు. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో చిరిగిన పొరలే పలహారం.

ఆయన కొడుకుని ఒక్కటే అడిగాడు, డెబ్భై దాటాక. అక్కడ వయసు మళ్ళిన వాళ్ళు బతికుండగానే ఒక ఫోటో తీయించి దాచుకుంటారు. పోయాక శవపేటిక ముందు పెట్టేది, తరవాత ఇంట్లో పీఠం మీద ఎప్పటికీ ఉండేది. ముందే తీయిస్తే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం కూడాను. ఆ ఫోటోకి ఒక పద్ధతి ఉంది. మనిషి తిన్నగా ఎదురుగా చూడాలి. కళ్ళు తెరిచి ఉండాలి. రెండు చెవులూ కనబడాలి.

"రెండూ ఎందుకు నాన్నా?" అన్నాడు బూన్ లెంగ్ నవ్వుతూ.

"మీరు పిలిస్తే వినబడొద్దా? ఒక చెవితో నీ నస వినడం నా వల్ల కాదు."

ఆయన దానికోసం లేత నీలం చొక్కా ఒకటి కొనుక్కుని, మడత నలగకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పెనాల వెనక గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఎప్పుడంటే అప్పుడు అందేట్టు. ఆ చొక్కా మేకుకి మూడేళ్ళు వేలాడింది. కొడుకు రేపన్నాడు. ఈరోజు వెలుతురు బాలేదన్నాడు. మంచి లెన్స్ రావాలన్నాడు. అసలు కారణం వేరే. అలాంటి ఫోటో తీయడం అతనికి నామోషీ. గోడ ముందు మనిషిని నిలబెట్టి నొక్కడానికి తనెందుకు, అనుకునేవాడు.

ఒక మంగళవారం పొద్దున తేక్ హ్వాత్ నాలుగో పెనం దగ్గర కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు.

అక్కడ శవాన్ని ఐదు రోజులు ఇంట్లో ఉంచుతారు. పేటిక ముందు ఫోటో, ఫోటో ముందు అన్నం గిన్నె, అగరొత్తులు. వచ్చినవాళ్ళు ఆ మొహానికే దణ్ణం పెడతారు. అందుకని ఫోటో మొదటి రోజే కావాలి.

"ఫోటో సంగతి నాకొదిలెయ్ అమ్మా," అన్నాడు బూన్ లెంగ్. "నాన్నకున్నన్ని ఫోటోలు ఈ ఊళ్ళో ఇంకెవరికున్నాయి?"

ఆ ధీమాతోనే మరణం నమోదు చేయించడానికి వెళ్ళి, తండ్రి గుర్తింపు కార్డు అప్పగించి వచ్చాడు. చనిపోయినవాళ్ళ కార్డు ఆఫీసువాళ్ళే ఉంచేసుకుంటారు, తిరిగివ్వరు. దాని మీద గోరంత ఫోటో ఉంది. ఇచ్చే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూడను కూడా లేదు.

మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చేతులు. ఆవిరి. వీపు. గోడ మీద నీడ. అరచేతిలో సాగుతున్న పిండి. పెనం అంచున వేలి కొస. మెడ మీద చెమట చుక్క ఒకటి, అది చాలా బాగా వచ్చింది, ఏదో పోటీలో బహుమతి కూడా వచ్చింది. వందలకి వందలు జరిపాడు. మొహం ఉన్నవాటిలో సగం ఆవిరి, సగం చీకటి. ఒకదాంట్లో ఒక కన్ను దొరికింది. ఇంకోదాంట్లో ఒక చెవి.

సాయంత్రానికి అతని అక్క స్యూ ఇమ్ వచ్చింది. పేటిక ముందు నల్ల గుడ్డ చుట్టిన ఖాళీ ఫ్రేము చూసి తమ్ముణ్ణి లోపలికి లాక్కుపోయింది.

"ఏదిరా ఫోటో?"

"వెతుకుతున్నా. నీ ఫోనులో ఏమన్నా ఉందా?"

"నా ఫోనులోనా? పోయిన కొత్త సంవత్సరానికి అందరం కూర్చుంటే నేను తీయబోయాను. ఏమన్నావు నువ్వు? 'ఫోనుతో తీసి ఫోటోగ్రఫీని చంపకే' అన్నావు. అందరూ నవ్వారు. నేను లోపల పెట్టేశాను. ఇంట్లో ఇంత పెద్ద మొనగాడు ఉంటే మేమెవరం తీస్తాం?"

"పోనీ ఇప్పుడు..." అని పేటిక వైపు చూశాడు బూన్ లెంగ్.

"కళ్ళు మూసుకున్న మొహాన్ని పీఠం మీద పెడతావా? అమ్మ విన్నదంటే చీపురు తిరగేస్తుంది."

తన వెంట సందుల్లో తిరిగినవాళ్ళ చిరునామాలన్నీ అతని దగ్గర ఉన్నాయి. అందరికీ ఒకే ఈమెయిల్ పంపాడు. చివరి ఇంట్లో మీరు చూసిన ముసలాయన మా నాన్న, ఈ పొద్దున పోయారు, మొహం కనబడే ఫోటో ఏదైనా ఉంటే దయచేసి పంపండి, అని. 'మా నాన్న' అని రాయడం అదే మొదటిసారి.

జవాబులు బాగానే వచ్చాయి. మంచివాళ్ళే అందరూ. అయ్యో అన్నారు, ఓదార్చారు, ఫోటోలు పంపారు. చేతులు. ఆవిరి. చేతులు. ఒకాయన అయితే నలుపు తెలుపులో ఆ చేతుల్ని తన ఇంటి గోడంత పెద్దది చేయించుకున్నానని గర్వంగా రాశాడు. పాఠం చెబితే ఇలా ఒంటబట్టాలి!

రెండో రోజు కూడా వచ్చినవాళ్ళు ఖాళీ ఫ్రేముకే దణ్ణం పెట్టి వెళ్ళారు. శవపేటికలు చేసే ఆయన అగరొత్తి వెలిగించి, ఫ్రేము వైపు చూసి, బూన్ లెంగ్ వైపు చూశాడు. "ఫోటోలవాడివి, నీ ఇంట్లో కూడా ఫోటో లేదా!" అని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం బూన్ లెంగ్‌కి గుర్తొచ్చింది. ఇల్జె. రెండేళ్ళ కింద లాత్వియా నుంచి వచ్చిన రిటైరైన పంతులమ్మ. ఆవిడ అతని నియమం సరిగ్గా వినిపించుకోలేదు. తిన్నగా వెళ్ళి తేక్ హ్వాత్‌ని సైగతో అడిగింది, మీ ఫోటో తీసుకోనా అని. ఆయన పెనాల కింద మంట ఆపేశాడు. చేతులు తుడుచుకున్నాడు, తడి చేత్తో జుట్టు దువ్వుకున్నాడు, మేకుకున్న చొక్కా వైపు ఒకసారి చూసి, టైం ఉండదనుకున్నాడేమో, అలాగే బల్ల మీద నిటారుగా కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు. ఎదురుగా చూపు. ఆవిరి లేదు. రెండు చెవులూ ఉన్నాయి. ఆవిడ నొక్కింది. ఆ చప్పుడు కూడా గుర్తుంది బూన్ లెంగ్‌కి.

"అమ్మా, దొరికింది!" అని కేకేశాడు.

తల్లి గ్వాత్ కీ పేటిక పక్కన కాయితపు పూలు మడుస్తోంది. తలెత్తింది. రెండు రోజుల్లో ఆవిడ కొడుకు మొహం వైపు చూడటం అదే మొదలు.

"నవ్వుతున్నాడా?"

"లేదు. తిన్నగా కూర్చున్నాడు."

"చాల్లే. తిన్నగా ఉంటే చాలు."

ఇల్జెకి విడిగా రాశాడు. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. తల్లికీ అక్కకీ వినబడేట్టు, వాళ్ళ భాషలోకి మార్చి పైకే చదివాడు.

"'ఆయన మీ నాన్నగారని నాకు తెలియదు, బాబూ. చాలా బాధగా ఉంది. ఆ ఫోటో నాకు బాగా గుర్తుంది. మీకు గుర్తులేదనుకుంటాను. మీరు నా కెమెరా తీసుకుని అందరికీ చూపించారు. తీయకూడని ఫోటో అంటే ఇదీ అన్నారు. శవపేటిక ముందు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. అప్పుడు మీరే మీట నొక్కి...'"

అక్కడ ఆగిపోయాడు. ఫోను అక్క లాక్కుంది. ఆమె మిగతాది చదివింది, గొంతులో ఏ మార్పూ లేకుండా.

"'మీట నొక్కి దాన్ని చెరిపేశారు. ఆయన ఇంకా అలాగే కూర్చుని ఉన్నారు, ఇంకోటి తీస్తామనుకున్నారేమో. తరవాత మీరు చెప్పినట్టే చేతులు తీశాను. చాలా బాగా వచ్చాయి. పంపుతున్నాను.'"

గ్వాత్ కీ మడుస్తున్న పువ్వు పూర్తి చేసి గంపలో వేసింది.

"ఆ రోజు సాయంత్రం నాతో అన్నాడురా," అంది. "'ఎవరో తెల్లావిడ నా ఫోటో తీసింది, పిల్లాడి దగ్గరే ఉంటుందిలే, ఇక చొక్కా దింపెయ్' అన్నాడు. నేనే ఉండనీ అన్నాను. 'చొక్కా వేసుకుని ఇంకోటి తీయించుకుందువులే, మన వాడేగా' అన్నాను."

బూన్ లెంగ్ వంటింట్లోకి వెళ్ళి నాలుగు పెనాల ముందు నిలబడ్డాడు. ఏడవాలని ఉంది, రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఎంత వేస్తే ఏం లాభం?

ఆ మధ్యాహ్నం పెట్టె అడుగు నుంచి పెళ్ళి ఫోటో తీశారు. అందులో తేక్ హ్వాత్‌కి ఇరవయ్యేడు. నల్లటి జుట్టు, కొత్త టై, బిక్కమొహం. తిన్నగానే చూస్తున్నాడు. చెవులు రెండూ ఉన్నాయి, కాస్త పెద్దవే. గ్వాత్ కీ ఉన్న సగం కత్తిరించి, మిగతాది పెద్దది చేయించి ఫ్రేములో పెట్టారు. దణ్ణం పెట్టడానికి వచ్చిన ముసలివాళ్ళు ఎవరీ కుర్రాడు అన్నట్టు చూశారు. మనవలైతే అడిగేశారు కూడా. లేత నీలం చొక్కా పేటికలో ఆయన ఒంటి మీదే ఉంది. మడత ఎక్కడా నలగలేదు.

నలభై తొమ్మిదో రోజు కర్మ అయిపోయి అందరూ వెళ్ళిపోయాక గ్వాత్ కీ పీఠం మీద దుమ్ము తుడుస్తోంది. "పక్కన నన్ను పెడితే నాకు మనవడిలా ఉంటావు," అంది భర్త ఫోటోతో, ఎవరూ విననట్టు.

బూన్ లెంగ్ విన్నాడు. ఇన్నాళ్ళూ ముట్టుకోని కెమెరా బీరువాలోంచి తీసుకొచ్చాడు. కిటికీ ముందు బల్ల వేశాడు.

"అమ్మా, వచ్చి కూర్చో. నీది తీస్తాను. తిన్నగానే తీస్తాను. నీ ఇష్టం వచ్చినట్టు కూర్చో."

ఆవిడ బట్ట మడిచి పక్కన పెట్టింది. పెనాల వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. చొక్కా పోయినా మేకు అలాగే ఉంది. దానికి ఒక కాయితం కవరు తగిలించి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో, అతను చూడలేదు. తీసి చేతికిచ్చింది.

లోపల ఆవిడ ఫోటో. నీలం తెర ముందు, తెరిచిన కళ్ళతో, దువ్విన తలతో తిన్నగా చూస్తోంది. వెలుతురు మరీ ఎక్కువైంది. మామూలు రోజుల్లో అయితే దాన్ని చూపించి పదిమందిని నవ్వించి ఉండేవాడు.

"ఎక్కడ తీయించావు?"

"సంత పక్కన జెరాక్సు కొట్లో. మీ నాన్నని సాగనంపిన మర్నాడే వెళ్ళాను."

"నన్నడిగితే..."

"రెండు నిమిషాలు పట్టిందిరా. కొట్లో పిల్ల కూర్చోగానే చెప్పింది, 'అవ్వా, జుట్టు వెనక్కి దోపుకో, చెవులు కనబడటం లేదు' అని."

కొడుకు చేతిలోంచి ఫోటో తీసుకుని, కవరులో పెట్టి, మళ్ళీ మేకుకి తగిలించింది.

"నేను పోయాక దీన్నే పెద్దది చేయించు. ఇంకేమీ తీయకు."