అదే మైకులో, అదే వీధిలో

మీవాడొకడు మీ పేరు చెప్పి పొరుగువాళ్లను అవమానిస్తే మీరెక్కడ నోరు విప్పుతారు? అవమానపడ్డవాళ్ల గుమ్మంలోనా, తలుపులు బిగించుకున్న మీ ఆఫీసు గదిలోనా?

మేం గదిలో విప్పాం. గుమ్మంలో విప్పినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. అతణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. అసూయ, ఇంకేమీ కాదు. హేతువాదికి ఏ రోగమైనా రావచ్చుగాని, మసీదు కమిటీ పెద్దను చూసి కుళ్లుకునే రోగం రాదనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. చిలకలూరిపేటలో మా హేతువాద సంఘానికి ఓ అద్దె గది ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి, మిరప చేలల్లో పాము కరిస్తే జనం మంత్రగాడి దగ్గరికి పరిగెత్తేవాళ్లు. ఆసుపత్రికి తీసుకెళ్లండని చెప్పడమే మా ముఖ్యమైన పని. పేటకు దగ్గర్లోనే ఉన్న మా ఊళ్లో ఆ మాట చెవికెక్కడానికి ఏళ్లు పట్టింది. నా స్నేహితుడు అదే ఊళ్లో మిరపకాయల వ్యాపారి, మసీదు కమిటీకి పెద్ద. కాయలు తోలే ట్రాలీ ఆటోను పాము కరిచినవాళ్ల కోసం ఎప్పుడడిగినా పంపేవాడు. "మీ సంఘానికి నోళ్లున్నాయిగాని చక్రాలు లేవురా" అని ఎగతాళి చేసేవాడు.

ఆ ఏడు పీర్ల పండగ మిరప కోతల్లో వచ్చింది. మా ఊళ్లో పీర్లను ముస్లింలు ఎత్తుకుంటే, బెల్లం పానకం బిందెలు హిందూ రైతుల ఇళ్లనుంచి వచ్చేవి. నిప్పుల గుండం చుట్టూ అందరూ తిరిగేవాళ్లు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేస్తూ అరబ్బీ నేర్చుకుని వచ్చిన ఓ యువకుడు మసీదు ముందు మైకు పట్టుకుని, పీర్లు ఎత్తేవాళ్లు ముస్లింలే కాదన్నాడు. హిందువులు తెచ్చిన పానకం తాగితే పాపమన్నాడు. బిందెలు ఎత్తుకొస్తున్న ఆడవాళ్లు వీధి మధ్యలో ఆగిపోయారు.

నా స్నేహితుడు కొట్లోంచి లేచి వెళ్లి అదే మైకు అందుకున్నాడు. "ఈ అబ్బాయి మావాడే. వీడన్న మాట మాది కాదు. పీర్ల మీద నాకూ నమ్మకం లేదు, నేనెప్పుడూ ఎత్తలేదు. కానీ మన వీధిలోకి వచ్చిన బిందెను వెనక్కి పంపమని వీడికెవరూ చెప్పలేదు."

మైకు పెట్టేసి మొదటి గ్లాసు తనే తాగాడు. రెండోది ఆ యువకుడికి చూపించి, "తాగితే తాగు, లేకపోతే నా పక్కన కూర్చో" అన్నాడు. వాడు తాగలేదు. కూర్చున్నాడు. బిందెలు కదిలాయి.

మర్నాడు మావాడి వంతు. మా సంఘంలో అతన్ని మించిన వక్త లేడు. పాముకాటు సభ అని చెప్పి మా బ్యానరు కట్టుకుని వచ్చినవాడు, తిన్నగా పీర్ల చావిడికి వెళ్లి గుండంలో బకెట్టుడు నీళ్లు గుమ్మరించాడు. అక్కడున్న ముసలమ్మలతో, "మీకంటే గొడ్లు నయం" అన్నాడు. మా మైకులోనే అన్నాడు.

మేమేం చేశాం? పేటకు వచ్చి, గది తలుపేసుకుని, చర్చ పెట్టాం. మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అతను లేచి, "గుండం మూఢనమ్మకమా, కాదా?" అని అడిగాడు. మూఢనమ్మకమే అన్నాం. "మరి ఆర్పితే తప్పేంటి?" అన్నాడు. అక్కణ్ణుంచి చర్చ అతనిదే. చివరికి, ఉద్దేశం మంచిదే, పద్ధతి మార్చుకోవాలి అని ఓ తీర్మానం రాసి గుంటూరు పత్రికకు పంపాం. ఆ ముసలమ్మల్లో పత్రిక చదివేదెవరు?

ఆ సంగతి చెబితే నా స్నేహితుడు టీ గ్లాసు కింద పెట్టాడు.

"వాడితో వాదించార్రా?"

"వాదించాం."

"ఎవరు గెలిచారు?"

నేను జేబులోంచి తీర్మానం నకలు తీసి చూపించాను.

"వాడే గెలిచాడన్నమాట" అని నవ్వాడు. "మావాడితో వాదిస్తే నేనూ ఓడిపోయేవాణ్ణే. వాడికి అరబ్బీ వచ్చు, నాకు మిరపకాయల రేట్లు వచ్చు. అందుకే వాడితో పెట్టుకోలేదు. వీధిలో ఆగిపోయినవాళ్ల సంగతి చూసుకున్నా."

"మీకు మతం ఉంది. చెబితే వింటారు" అన్నాను ఉక్రోషంగా.

"మీకు తెలివుంది. అదే అడ్డమొచ్చినట్టుంది."

కోతలు ముగియకముందే, గుండం దగ్గరున్న ముసలమ్మల్లో ఒకామెను మిరపచేలో పాము కరిచింది. నేను పరిగెత్తాను. ఆమె కొడుకు అరుగు మీంచి దిగకుండానే, "గొడ్ల దగ్గరికి మీరెందుకండీ రావడం" అన్నాడు. లోపల మంత్రగాడు అప్పటికే మొదలుపెట్టాడు. నా స్నేహితుడు ట్రాలీ ఆటో గుమ్మం ముందు ఆపి, "మంత్రానికి విషం దిగదమ్మా. ఆసుపత్రిలో సూది ఉంది, లే" అన్నాడు. నేను ఏళ్ల తరబడి చెప్పిన మాటే. పొల్లుపోకుండా నా మాటే. అతను చెబితే ఎక్కించారు.

ఆమె బతికింది. సంతోషించాల్సిన చోట నేను ఆ ఆటో వెనక రేగిన దుమ్ములో నిలబడి కుళ్లుకున్నాను. నా సైన్సును అతని నోట నమ్మారు. అతను దేవుణ్ణి నమ్ముతాడని కాదు, తనవాడు తప్పు చేసిన రోజున తమ ముందుకొచ్చి నిలబడ్డాడని.

ఆ మంట ఆరలేదు, ఆర్పుకోను కూడా. మీ పార్టీలో, మీ సంఘంలో, మీ గుడిలో, మీ మసీదులో మీ పేరు చెప్పి పొరుగువాళ్లను అవమానించేవాడు ఒకడుంటాడు. అతని ఉద్దేశం మంచిదో కాదో తర్వాత తేల్చుకోండి. అతనెవర్ని అన్నాడో వాళ్ల వీధికి ఈ పూటే వెళ్లండి. అదే మైకు తీసుకోండి. "వీడు మావాడే, వీడన్న మాట మాది కాదు" అని వాళ్ల మొహం చూసి చెప్పండి.